పచ్చ పుస్తకం ఉందా అని అడిగాను

మూడేళ్ళ క్రితం మా కంపెనీలో జరిగిన ఒక విచారణలో నేను చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. రెండక్షరాల మాట. అది చెప్పి ఉంటే నాకొక హెచ్చరిక కాగితం వచ్చేది, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. చెప్పకపోవడం వల్ల ఆ కాగితం ఇంకొకతని పేరు మీద వెళ్ళింది. కాగితం సంగతి సరే, అదొక ఫైలులో ఉంటుంది, ఎవరూ తీసి చదవరు. కానీ అతని కూతురు, తన నికాహ్‌కు నాన్న రాలేకపోవడానికి నాన్న అశ్రద్ధే కారణమని మూడేళ్ళు నమ్మింది. అది నిజం కాదని తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకడిని నేను. రెండో మనిషి ఎవరో నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను దోహాలో ఒక జనరేటర్ల కంపెనీలో పనిచేస్తాను. పెద్ద పెద్ద జనరేటర్లను సైట్లకు అద్దెకిచ్చి, వాటితో పాటు మనుషులనూ పంపే కంపెనీ. నా పని ప్రయాణాలు చూడడం. ఎవరు ఎక్కడికి వెళ్ళాలి, ఏ వీసా, ఏ టికెట్టు, ఏ కాగితం. కరోనా రోజుల్లో టీకా కాగితాల పని కూడా నా బల్ల మీదికి వచ్చింది. ఆ రోజుల్లో నిబంధనలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏ దేశం ఏ టీకాను ఒప్పుకుంటుంది, రెండో సూది తర్వాత ఎన్ని రోజులు ఆగాలి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండి టీకా కాగితంలో వెనకుంటే విమానం ఎక్కనిస్తారా లేదా, ఇవన్నీ నాకు కంఠతా వచ్చేవి. ఆఫీసులో వాళ్ళు నన్ను డాక్టర్ అని పిలిచేవాళ్ళు. ఎగతాళికి అనేవాళ్ళని తెలుసు, అయినా వినడానికి బాగుండేది. కరోనా పోయింది. పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఎవరూ వెనక్కి తీసుకోలేదు, నేనూ ఇస్తాననలేదు.

అతను ఎలక్ట్రీషియన్. జగిత్యాల వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఇరవై ఏళ్ళకు పైగా గల్ఫ్‌లో ఉన్నాడు. జనరేటర్ చప్పుడు విని ఎక్కడ లోపముందో చెప్పేవాడని సైటు ఇంజనీర్లు అనేవాళ్ళు. నాకు జనరేటర్ల గురించి తెలియదు గనక ఆ మాట నిజమో కాదో చెప్పలేను. అతను కాగితాల కోసం నా దగ్గరికి వచ్చినప్పుడల్లా మాకొక అలవాటుండేది. నేనతని తెలుగును వెక్కిరించేవాణ్ణి, అతను నా తెలుగును వెక్కిరించేవాడు.

"ఏం భాయ్, ఎప్పుడొచ్చావు?" అనేవాణ్ణి.

"ఇప్పుడే అచ్చిన సార్."

"అచ్చిన ఏమిటయ్యా, వచ్చాను అనాలి."

"మీరేమో అచ్చులేసినట్టు మాట్లాడ్తరు సార్. మేము మనుషుల లెక్క మాట్లాడ్తం."

పక్క బల్ల మీది ఫిలిప్పీన్స్ అమ్మాయి మేమేదో గొడవపడుతున్నామని తలెత్తి చూసేది. ఆమె హెచ్.ఆర్. విభాగంలో పనిచేసేది. మేమిద్దరం నవ్వుతుంటే మళ్ళీ తల దించుకునేది. ఇక్కడొక సంగతి గమనించాలి. అతను నన్ను ఎప్పుడూ సార్ అని, మీరు అని పిలిచేవాడు. నేనతన్ని భాయ్ అని, నువ్వు అని పిలిచేవాణ్ణి. ఇందులో నాకెప్పుడూ తేడా కనిపించలేదు.

ఆ ఏడు మా కంపెనీకి కెన్యాలో ఒక పని వచ్చింది. నైరోబీ బయట ఒక సిమెంటు పరిశ్రమ. ఆరుగురిని మూడు నెలలకు పంపారు, వాళ్ళలో ఇతనొకడు. వెళ్ళేముందు కంపెనీ క్లినిక్‌లో అందరికీ టైఫాయిడ్, ధనుర్వాతం సూదులు వేసి, వేసినట్టు రాసి, మడత పెట్టిన ఒక చిన్న అట్ట పుస్తకం ఇచ్చారు. ఆ పుస్తకం అట్ట ఆకు రంగు. ఆఫ్రికా ప్రయాణాలకు అడిగే ఎల్లో ఫీవర్ టీకా వేయించలేదు. దోహా నుంచి వెళ్ళి మళ్ళీ దోహాకే వచ్చే దారికి మా పట్టికలో ఆ టీకా రాసి లేదు. ఆ పట్టిక తయారుచేసింది నేనే.

వాళ్ళు వెళ్ళిన రెండు నెలలకు ఇతని కూతురి పెళ్ళి కుదిరింది. అబ్బాయికి దోహాలోనే అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో ఉద్యోగం. ఆ అబ్బాయికి దొరికిన సెలవు పదిహేను రోజులు. అందువల్ల నికాహ్ ఫలానా శనివారమే జరగాలి, లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఇతను నైరోబీ నుంచి నాకు ఫోను చేశాడు. పని నెలాఖరుకు అయిపోతుంది, దోహా వచ్చి మళ్ళీ లీవు పెట్టి పోతే నాలుగు రోజులు వృథా, ఇక్కడి నుంచి సీదా హైదరాబాద్ పోతా సార్ అన్నాడు. మంచి ఆలోచనే. మేనేజరు సంతకం నేనే తెచ్చాను. నైరోబీలో మంగళవారం ఎక్కితే బుధవారం పొద్దునకల్లా హైదరాబాద్. మధ్యలో దోహా విమానాశ్రయంలో మూడు గంటలు. శనివారానికి ఇంకా రెండు పూర్తి రోజులు చేతిలో ఉంటాయి.

ఇప్పుడు దారి మారింది. కెన్యా నుంచి మన దేశంలో దిగేవాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పుస్తకం ఉండాలి. టీకా వేసి పది రోజులు దాటి ఉండాలి. లేకపోతే వాళ్ళను ఆరు రోజులు విడిగా ఉంచుతారు. ఇది నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు. ఆ పుస్తకం అట్ట పసుపు రంగులో ఉంటుంది కాబట్టి మా ఆఫీసులో దాన్ని ఎల్లో బుక్ అంటాం. ప్రయాణం ఫారంలో దానికొక గడి ఉంది. "ఎల్లో బుక్ చూశారా?" అని. చూశారా అనే ఉంది, అడిగారా అని లేదు. నకలు జత చేయాలి అని కూడా కింద ఉంది.

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పాలి. దోహాలో మా తెలుగువాళ్ళ సంఘం ఒకటుంది. నేను అందులో భాషా కార్యదర్శిని. ఆ నెలలో మేమొక పోటీ పెట్టుకున్నాం. ఒక్క ఇంగ్లీషు మాట కూడా లేకుండా పది నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. పోటీ పెట్టింది నేనే గనక ఓడిపోతే బాగుండదని రెండు వారాలు సాధన చేశాను. ఇంట్లో ఫ్రిజ్‌ను చల్లపెట్టె అన్నాను. నా భార్య రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు, "ఆ పెట్టెలో మీ మజ్జిగ ఉంది, తీసుకుని తాగండి, నాతో మాత్రం మాట్లాడకండి" అంది. ఆఫీసులో తెలుగువాళ్ళెవరు ఫోను చేసినా వాళ్ళ మీదే సాధన.

అలాంటి ఒక మధ్యాహ్నం అతనికి ఫోను చేశాను. ప్రయాణానికి ఇంకా ఇరవై రోజులు ఉంది.

"భాయ్, నీ దగ్గర టీకాల పుస్తకం ఉందా, పచ్చది?"

"ఏంది సార్?"

"టీకాల పుస్తకం. సూదులు వేసినట్టు రాసి ఇస్తారు చూడు. పచ్చ పుస్తకం."

"ఆ, ఉన్నది సార్. పాస్‌పోర్టు కవర్‌లనే వెట్టిన."

"భద్రంగా పెట్టుకో. దిగేటప్పుడు అడుగుతారు."

"ఎందుకు వోతది సార్? బిడ్డ నిఖా కార్డు, గా పుస్తకం రొండూ ఒక్క తాన్నే ఉన్నయి."

మా గోదావరి వైపు పచ్చ అంటే పసుపుపచ్చ. పచ్చని చామంతి అంటాం, పచ్చటి ఛాయ అంటాం, కామెర్లు వస్తే పచ్చకామెర్లు అంటాం. ఆకు రంగు చెప్పాల్సి వస్తే ఆకుపచ్చ అని విడమరిచి చెబుతాం. అతనికి పచ్చ అంటే ఆకు రంగే, మరొకటి కాదు. పసుపు రంగును పసుపు అనే అంటాడు. ఒకే మాట, రెండు రంగులు. తెలుగు తెలిసిన ఏ మనిషికైనా ఇది తెలుసు. భాషా కార్యదర్శికి తెలియకపోవడానికి వీల్లేదు. ఆ క్షణంలో "ఎల్లో" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అతను లేదనేవాడు, నైరోబీలో అరగంట పని, సూది వేయించుకునేవాడు, పది రోజులు దాటడానికి కావలసినంత వ్యవధి ఉంది. నేను అనలేదు. సాధన చెడిపోతుందని.

ఫారంలో "ఎల్లో బుక్ చూశారా" అన్న గడిలో టిక్కు పెట్టాను. నకలు జత చేయలేదు. పంపమని అడగనూ లేదు.

పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. తొమ్మిదో నిమిషంలో "టైము" అన్నాను.

బుధవారం పొద్దున నేను టిఫిను తింటుండగా అతను ఫోను చేశాడు. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆరోగ్య శాఖ బల్ల దగ్గర ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగారు, నైరోబీ అన్నాడు, పుస్తకం చూపమన్నారు, ఆకు రంగు పుస్తకం తీసి ఇచ్చాడు. అక్కడున్న డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కాదండీ, అంది.

"సార్, నన్ను కోరంటిల వెడ్తరట. ఆరు రోజులట." విడిగా ఉంచే చోటును హైదరాబాద్‌లో పాతవాళ్ళు కోరంటి అంటారు. "శనివారం నిఖా సార్. జర మీరు గీ మేడంతోని మాట్లాడుండ్రి."

మాట్లాడాను. ఆమె మర్యాదగానే చెప్పింది. నిబంధన అందరికీ ఒకటే, నైరోబీ వదిలిన దగ్గర్నుంచి ఆరు రోజులు, అంటే సోమవారం వదులుతాం. పెళ్ళి అని చెప్పాను. ఆమె, "మీరు వాళ్ళ కంపెనీలో ప్రయాణాలు చూసేవారా?" అని అడిగింది. అవునన్నాను. "మరి మీరు చూడలేదా?" అంది. నేను సిగ్నల్ సరిగా లేదన్నాను. అది అబద్ధం. దోహాలో సిగ్నల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

వాళ్ళ ఇంటి పద్ధతిలో నికాహ్‌కు ముందు ఒక పెద్దమనిషి ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని పెళ్ళికూతురు కూర్చున్న గదికి వెళ్ళి, ఫలానా అతనితో నీ పెళ్ళి నీకు ఇష్టమేనా అని అడుగుతాడు. ఆ మనిషిని వకీలు అంటారు. ఈ పిల్లకు వకీలుగా తండ్రే ఉండాలని ముందే అనుకున్నారట. ఆమె చిన్నప్పటి నుంచీ అతను గల్ఫ్‌లోనే ఉన్నాడు. బడిలో చేర్చింది మేనమామ, పరీక్షలకు తీసుకెళ్ళింది మేనమామ. ఈ ఒక్క ప్రశ్నయినా తానే అడగాలని అతని కోరిక. శనివారం ఆ ప్రశ్న కూడా మేనమామే అడిగాడు. తండ్రి ఫోనులో చూశాడు. ఆరు రోజులూ పొద్దునా సాయంత్రం అతనికి జ్వరం చూశారు. రాలేదు. రాదని అక్కడ చూసేవాళ్ళకూ తెలుసు, అతనికీ తెలుసు. ఆ జ్వరం దోమల వల్ల వచ్చేది గనక కట్టిన దోమతెర లోపల కూర్చుని నికాహ్ చూశానని తర్వాత చెప్పాడు. సోమవారం వదిలారు. అతను ఇంటికి చేరేసరికి పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళిపోయింది.

విందుకొచ్చి ఇంకా ఉన్న బంధువులను కలిసి, కూతురిని చూసి, అతను వారం ఆలస్యంగా దోహా వచ్చాడు. ఆ వారం ఎందుకైందో రాసివ్వమని కంపెనీ అడిగింది. దాన్నే విచారణ అన్నారు. మేనేజరు జోర్డాన్ మనిషి, గొంతు పెంచి మాట్లాడడు. ఫిలిప్పీన్స్ అమ్మాయి రాసుకోవడానికి కూర్చుంది. అతనికి హిందీ వచ్చు, అవసరానికి సరిపడా అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు అంతంత మాత్రం. సరిగ్గా చెప్పుకోవాలంటే తెలుగులోనే చెప్పుకుంటానన్నాడు. కంపెనీ ఒక అనువాదకుణ్ణి ఏర్పాటు చేసింది. ఆ అనువాదకుణ్ణి నేనే.

అందులో తప్పుందని ఆ గదిలో ఎవరికీ అనిపించలేదు. నాకు అనిపించింది. చెప్పలేదు.

అతను ఆకు రంగు పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, నా వైపు కాకుండా మేనేజరు వైపు చూస్తూ చెప్పాడు.

"సారు ఫోన్ జేసి పచ్చ పుస్తకం ఉన్నదా అని అడిగిండు. నా తాన పచ్చ పుస్తకమే ఉండె. ఉన్నదన్న. గిదీ, గిదే పచ్చ పుస్తకం. నేను అబద్ధం జెప్పలే."

నేను ఇంగ్లీషులో ఇలా చెప్పాను: "ఎల్లో బుక్ ఉందా అని నేను అడిగినట్టు, ఉందని తాను చెప్పినట్టు ఇతను ఒప్పుకుంటున్నాడు. ఈ పుస్తకాన్ని అదే అనుకున్నాడట."

ఈ వాక్యాన్ని నేను తర్వాత చాలాసార్లు విప్పి చూశాను. ఒక్క మాట తప్ప అంతా నిజమే.

మేనేజరు పుస్తకం చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టుకున్నాడు. "ఇది గ్రీన్. గ్రీన్‌కూ ఎల్లోకూ తేడా తెలియదా ఇతనికి?" అని అడిగాడు. అనువదించమన్నట్టు నా వైపు చూశాడు. నేను అతనితో తెలుగులో, "ఇంకేమైనా చెప్పేదుందా అంటున్నారు" అన్నాను. అతను నా ముఖం వైపు కాసేపు చూసి, "ఏం లేదు సార్" అన్నాడు.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. మేనేజరు జాగ్రత్త మనిషి. ఎలక్ట్రీషియన్‌కు ఆకుపచ్చకూ పసుపుకూ తేడా తెలియకపోతే ప్రమాదం కదా, ఎర్త్ వైరు మీద ఉండేవి ఆ రెండు రంగుల చారలే కదా అన్నాడు. అతన్ని కంటి పరీక్షకు పంపారు. చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ముందు పెడితే అన్నీ చదివాడట. ఒక అంకె డాక్టర్ కంటే ముందే చదివాడట. రంగులు చూడడంలో లోపం ఏదీ లేదని రిపోర్టు వచ్చింది. దాన్ని ఫైలులో పెట్టి, కింద ఇలా రాశారు: ఉద్యోగికి చూపు బాగుంది, కాబట్టి జరిగింది అశ్రద్ధ. హెచ్చరిక కాగితం ఇచ్చారు. దాని మీద సాక్షి సంతకం నాది.

ఆ తర్వాత మూడేళ్ళు మామూలుగా గడిచాయి. అతను నా దగ్గరికి వస్తూనే ఉన్నాడు. "ఎప్పుడొచ్చావు భాయ్" అంటే "ఇప్పుడే అచ్చిన" అంటూనే ఉన్నాడు. నేను మాత్రం దిద్దడం మానేశాను. ఇంకో మార్పు కూడా వచ్చింది. ఏ చిన్న కాగితమైనా, బ్యాంకుదైనా, ఐడీ కార్డుదైనా, తీసుకొచ్చి నా బల్ల మీద పరిచి, "జర ఒకసారి సూడుండ్రి సార్" అనేవాడు. అంతా సరిగ్గానే ఉంది భాయ్ అంటే కూడా రెండోసారి చూడమనేవాడు. మంచి అలవాటేనని మొదట్లో అనుకున్నాను.

రెండో ఏడు అతని కూతురు భర్తతో ఉండడానికి దోహా వచ్చింది. అతను కంపెనీ కార్మికులుండే క్యాంప్‌లో, ఆమె అల్ దోహా అల్ జదీదాలో. శుక్రవారాలు వెళ్ళి చూసి వస్తుండేవాడు. బిడ్డ బాగుందా అంటే బాగుంది సార్ అనేవాడు, అక్కడితో ఆపేవాడు. నేనూ ఆపేవాణ్ణి.

మొన్న శీతాకాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత అతను ఐన్ ఖాలిద్‌లో ఉన్న మా ఇంటికి వచ్చాడు. ముందు ఫోను చేసి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అతనూ, కూతురూ, అల్లుడూ ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, బస్సులో బయలుదేరుతున్నారట, రోడ్డు దారిన సౌదీ సరిహద్దు దాటి. ఉమ్రాకు వెళ్ళేవాళ్ళు మెదడు పొరల వాపు టీకా వేయించుకున్న కాగితం చూపాలి, వేసి పది రోజులు దాటి ఉండాలి. ముగ్గురూ వేయించుకున్నారు. ఆ మూడు కాగితాలు మా భోజనాల బల్ల మీద పరిచాడు. నా భార్య టీ పెట్టి లోపలికి వెళ్ళింది.

నేను చూశాను. పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, తేదీలు. ఇంకా పద్దెనిమిది రోజుల వ్యవధి ఉంది.

"అంతా సరిగ్గా ఉంది భాయ్."

"ఇంకోసారి సూడుండ్రి సార్."

"చూశాను కదా. దీనికి ఇంత దూరం రావాలా? ఫోటో పంపితే సరిపోయేది."

అతను కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు సరిచేశాడు. "నేను గదే అన్న. నా బిడ్డ ఒప్పుకోలే. ఈసారి సార్‌కు సూపెట్టుకొని రా అబ్బా, నీ కండ్ల మీద నాకు నమ్మకం లేదు అన్నది. తోలుకొచ్చింది గూడ ఆమెనే. కింద బండిల కూసున్నది."

అబ్బా అంటే వాళ్ళింట్లో నాన్న. నవ్వుతూనే చెప్పాడు. ఫిర్యాదులా చెప్పలేదు. చుక్కల పుస్తకంలో అన్ని అంకెలూ చదివిన కళ్ళు అవి. ఆ రిపోర్టును ఫైలులో పెట్టింది నేనే.

నేను టీ పక్కకు జరిపి చెప్పాను. ఎక్కువ లేదు చెప్పడానికి. ఆ రోజు ఫోనులో పచ్చ అన్నాను, ఎల్లో అనలేదు. నా ఉద్దేశం పసుపు రంగు పుస్తకం. పుస్తకం చూడకుండానే చూశానని ఫారంలో పెట్టాను. విచారణలో నువ్వు పచ్చ అన్నావు, నేనది ఎల్లో అని మార్చి చెప్పాను. పోటీ సంగతి కూడా చెప్పాను. అది చెప్పడం అన్నిటికంటే కష్టమైంది, ఎందుకంటే వినడానికి మరీ అల్పంగా ఉంది.

అతను కప్పు చేతిలో పట్టుకుని విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే సార్."

"ఏమిటి ఎరుక?"

"గా దినం ఆఫీసుల మీరు ఎల్లో అన్నరు. నేను ఇన్న. ఎల్లో అంటే తెల్వదా సార్ నాకు? మన కంపెనీ జనరేటర్లు అన్నీ ఎల్లోనే గదా. ఇరవై ఏండ్ల సంది గవే తుడుస్తున్న."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు భాయ్?"

"ఎవనికి జెప్పాలె? నా మాట వాళ్ళకు జెప్పేటోనివీ నువ్వే, మాట మార్చేటోనివీ నువ్వే."

పన్నెండేళ్ళ పరిచయంలో అతను నన్ను నువ్వు అన్నది ఆ ఒక్క వాక్యంలోనే. వెంటనే మళ్ళీ మీరులోకి వచ్చేశాడు. "టీ సల్లగైతంది సార్, తాగుండ్రి" అన్నాడు.

"ఇంట్లో అయినా చెప్పాల్సింది కదా, మీ అమ్మాయికి."

"చెప్పిన సార్. సారు మాట మార్చిండే అని చెప్పిన. ఎవలన్న అట్ల జేస్తరా అబ్బా, నీది నువ్వు కప్పి పెట్టుకుంటున్నవ్ అన్నది. ఆమెది గూడ తప్పు లేదు. మీరు చదువుకున్నోళ్ళు. కంపెనీ కాగితం గూడ మీ లెక్కనే ఉన్నది." కప్పు కింద పెట్టాడు. "నాకు జెప్పుడు ఎందుకు సార్, ఎరుకున్నదే. ఆమెకు జెప్పుండ్రి. కిందనే ఉన్నది."

సోమవారం కంపెనీకి రాసిస్తానని అన్నాను. హెచ్చరిక తీసేయమంటానని, తప్పు నాదని సంతకం పెడతానని అన్నాను. (రాసిచ్చాను కూడా. మేనేజరు చదివి, ఇంత పాత సంగతి ఇప్పుడెందుకు అని అడిగి, రెండు కాగితాలనూ ఒకే ఫైలులో ఒకదాని వెనక ఒకటి పెట్టించాడు. ఈసారి హెచ్చరిక నాకు వచ్చింది.) అతను తల ఊపాడు. "అది మీ ఇష్టం సార్. లిఫ్టు పని చేస్తదా, మెట్లు దిగుదామా?" అన్నాడు.

లిఫ్టు పని చేస్తోంది. మూడంతస్తులు దిగడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, ఆ రోజు అంతకంటే తక్కువ పట్టింది.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని ఫోను చూసుకుంటోంది. పాతికేళ్ళుంటాయి. తండ్రి అద్దం మీద వేలితో తట్టాడు. ఆమె అద్దం సగం దించి, "అన్నీ కరెక్టే ఉన్నయా అంకుల్?" అని నన్ను అడిగింది.

"కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. నీతో వేరే సంగతి చెప్పాలి" అన్నాను.

ఆమె తండ్రి వైపు చూసింది. అతను బండి ముందు వైపుకు నడిచి, అక్కడ నిలబడి, రోడ్డు మీద పోయే వాహనాలను చూడడం మొదలుపెట్టాడు. నేను పైన చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఫోను, పచ్చ పుస్తకం, ఫారంలో గడి, విచారణ. ఆమె ఇంజను ఆపింది. ఏసీ చప్పుడు ఆగిపోయాక నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఆగుండ్రి అంకుల్. మా అబ్బా ఉన్నదని చెప్పింది నిజమేనా?"

"నిజమే. నేను అడిగింది అతని దగ్గర ఉంది."

"మీరు ఎల్లో అని అడగనే లేదు."

"లేదమ్మా."

"మరి నేను మూడేండ్లు ఏమనుకున్న?" నన్ను అడగడం లేదు, తనతోనే అంటోంది. "నిఖా దినం ఫోన్ల మా అబ్బా సలాం జెప్తే నేను జవాబియ్యలే. మామూ వచ్చి నీకు ఇష్టమేనా బేటా అంటే, ఫోను అవతలికి తీసెయ్యమన్న, గప్పుడు చెప్పిన ఇష్టమే అని. మీకు తెల్సా అది?"

"తెలియదు."

"మా అబ్బాకు తెల్సు. చూస్తనే ఉండె గదా." ఆమె అద్దం పూర్తిగా దించింది. "మా అబ్బాకు చెప్పిన్రా మీరు?"

"ఇప్పుడే పైన చెప్పాను."

"ఏం చెప్పిన్రు? జరిగింది చెప్పిన్రా, తప్పయింది మాఫ్ చెయ్యి అని చెప్పిన్రా?"

నేను ఆలోచించాను. పైన నేను చాలా మాటలు చెప్పాను. వివరంగా చెప్పాను, వరుస తప్పకుండా చెప్పాను. కంపెనీకి ఏం రాసిస్తానో కూడా చెప్పాను. ఆమె అడిగిన మాట అందులో లేదు.

"లేదమ్మా. అది చెప్పలేదు."

"చెప్పుండ్రి మరి. నేను ఇంటుండంగ చెప్పుండ్రి." తలుపు తీసుకుని దిగింది. "అబ్బా, ఇటు రా."

అతను వచ్చాడు. "ఎందుకు బేటా, రోడ్డు మీద, ఇడిసెయ్" అన్నాడు. ఆమె విడిచిపెట్టలేదు, అతని పక్కకు వచ్చి చెయ్యి పట్టుకుని నిలబడింది. మా వాచ్‌మన్ కుర్చీ ఇటు తిప్పుకుని చూస్తున్నాడు. అతను నేపాలీ, తెలుగు రాదు. ఈ మాటను ఎవరికీ అనువదించి చెప్పాల్సిన పని లేదు.

"తప్పు నాది భాయ్. మీది కాదు. మీ అమ్మాయి నికాహ్‌కు మీరు లేకుండా చేసింది నేను, ఆ తర్వాత మీరు చెప్పిన నిజాన్ని అబద్ధం చేసిందీ నేనే. నన్ను మాఫ్ చెయ్యండి."